ఇస్సాక్ గొంతు చేసిన బేరం

ఆటోనగర్ పాత బండ్ల వేలంలో పెద్ద వ్యాపారులు నోరు తెరిచి పాట పాడరు. పాడితే పక్కవాడు పసిగట్టి, కుళ్ళు కొద్దీ రేటు పెంచేస్తాడు. అందుకని ఒకడు ముక్కు గోక్కుంటాడు, ఒకడు కాలరు సర్దుకుంటాడు. ఇస్సాక్ గొంతు సవరిస్తాడు. ఆయన ఒక్కసారి ‘ఖం’ అంటే పాట ఒక మెట్టు పెరిగినట్టు. వేలం వేసే శౌరయ్యకు ఈ సైగలన్నీ కంఠతా వచ్చు. ఇంట్లోనూ అంతే. పొద్దున్నే మంచం మీద నుంచి ‘ఖం’ వినపడగానే భార్య నజీమా టీ పట్టుకొచ్చేది.

అలాంటి గొంతుకు తెగులు పట్టుకుంది. ఏదో అడ్డంపడ్డట్టుండటం, పొద్దున లేస్తే బొంగురు, పొద్దస్తమానం ఖం ఖం. మిరియాల పాలు తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టాడు, దిష్టి అని తాయత్తు కట్టించుకున్నాడు. రాత్రిపూట పీకలదాకా బిర్యానీ తిని, చేతి తడి ఆరకముందే పడుకోవడం మాత్రం మానలేదు.

“గురక మధ్యలో మీ ఊపిరి ఆగిపోతోందండీ. నేను పొడిస్తేగానీ మళ్ళీ రావట్లా. డాక్టరుకి చూపించుకోండి,” అని నజీమా మొత్తుకునేది.

“గురకంటే నిశ్చింతగా నిద్రపోతున్నట్టే,” అని ఆయన కొట్టిపారేసేవాడు.

ఆ నెల వేలానికి తుప్పుపట్టిన స్కూలు బస్సొకటి వచ్చింది. లోపల ఇంజనుందో లేదో దేవుడికే తెలియాలి. ఇస్సాక్ దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కానీ గొంతు ఊరుకుంటేగా! ఖం. శౌరయ్య పాట పెంచాడు. కంగారులో మళ్ళీ ఖం ఖం. పోటీకి పురుగు కూడా లేకపోయినా, తన పాట మీద తనే పాడుకుని బస్సు గెలిచాడు. పాడిన పాట వెనక్కి తీసుకుంటే ఆటోనగర్‌లో మొహం చెల్లదు. చచ్చినట్టు లాగించుకెళ్ళాడు.

“భాయ్, ఏమనుకోవద్దండీ. గొంతు బాగయ్యేదాకా మీ పాట చెల్లదు,” అన్నాడు శౌరయ్య, అందరి ముందూ.

ఇస్సాక్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ గొంతే ఆయన పరువు. ఊపిరి ఆగుతోందంటే కదలని మనిషి, పాట ఆగిందనేసరికి ఆస్పత్రికి పరిగెత్తాడు.

డాక్టర్ కృప గొంతులోకి కెమెరా పెట్టి చూసింది. నిద్ర పరీక్ష కూడా చేయించింది. “నిద్రలో ఊపిరి ఆగుతోందండీ. కడుపులో పులుపు గొంతుదాకా ఎక్కుతోంది. చాలామందిలో ఈ రెండూ జంటగా ఉంటాయి. ఊపిరి ఆగకుండా గాలి పంపే మిషనుంది, దాని మాస్కు ముక్కుకు పెట్టుకుని పడుకోండి. చీకటి పడగానే తినేయండి, అదీ కొంచెమే.”

“గొంతుకు మందడిగితే మూతికి తొండం తగిలించింది,” అని ఇస్సాక్ సణుక్కున్నాడు. నజీమా పడీ పడీ నవ్వింది.

సణుగుతూనే డాక్టరు చెప్పినట్టు చేశాడు. గొంతు నెమ్మదించాక మళ్ళీ వేలానికి వెళ్ళాడు. మంచి లారీ ఇంజనొకటి వచ్చేదాకా నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టు కూర్చున్నాడు. అప్పుడన్నాడు, ఖం. శౌరయ్య రెండోదాని కోసం అనుమానంగా చూశాడు. రాలేదు.

“ఇస్సాక్ భాయ్ పాట!” అని బల్ల చరిచాడు.

మర్నాడు పొద్దున ఇస్సాక్ హుషారుగా లేచాడు. పక్కన నజీమా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పెళ్ళయిన కొత్తలో తప్ప, తెల్లవారాక ఆవిడ నిద్రపోతుండగా ఆయన చూసిందే లేదు. రాత్రిళ్ళు తనను పొడిచి పొడిచి ఊపిరి పోసిన మనిషి, ఇన్నేళ్ళూ ఎప్పుడు పడుకుందో! ఇస్సాక్‌కు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. అలవాటు కొద్దీ ‘ఖం’ గొంతుదాకా వచ్చింది. చప్పుడు కాకుండా దాన్ని మింగేసి, టీ గిన్నె ఎక్కడుంటుందో వెతకడానికి వంటింట్లోకి నడిచాడు.