ఇల్లంతా నాదే

పాలు పొంగకుండా చూస్తూ, ఆఫీసులో తెగని చిక్కు గురించి ఆలోచిస్తున్నాను. కొందరు ఖాతాదారుల బిల్లుల మీద వేరేవాళ్ల చిరునామా పడుతోంది. కారణం దొరకబోతోంది, ఇంతలో "నా బనీను ఎక్కడ?" అని మా ఆయన. "అలమారలో, కుడిపక్క." "అమ్మాయ్, నా కళ్లజోడు చూశావా?" అని అత్తయ్య. "మీ నెత్తి మీదే ఉంది అత్తయ్యా." తిరిగి చూసేసరికి పాలు పొంగిపోయాయి. ఆలోచనా పోయింది. "మనసెక్కడ పెట్టుకుంటావో!" అన్నారు అత్తయ్య. నాకు ఒళ్లు మండింది. పెట్టుకోనిస్తేగా! నాకంటూ బల్ల వేసుకోవడానికి ఆ చిన్నగది ఇమ్మంటే, "దాపరికాలెందుకు? ఇల్లంతా నీదేగా!" అని మా ఆయన తన పాత సూట్‌కేసులతో నింపేశాడు.

ఆఫీసులో ప్రోగ్రాం తెరిచాను. ఖాతాదారుల ఫైలు అన్నిటికంటే పైన ప్రకటించి ఉంది, అంటే లోపలి ప్రొసీజర్లన్నిటికీ, ఒక్కో పని చూసుకునే చిన్న భాగాలన్నిటికీ, ఉమ్మడి సొత్తు. బిల్లు రాసే భాగం ఒక మనిషి రికార్డు చదువుకుంటుంది. పని సగంలో ఉండగా తగ్గింపు చూసే ప్రొసీజర్ అదే ఫైల్లోంచి, అతన్ని పరిచయం చేసినవాళ్ల రికార్డు చదువుతుంది. మళ్లీ బిల్లు దగ్గరికొచ్చేసరికి చేతిలో ఉన్నది ఆ రెండో మనిషి! పొద్దున పొయ్యి దగ్గర తెగిపోయిన ఆలోచన ఇదే.

"ప్రతిసారీ మొదటి రికార్డు మళ్లీ చదివిస్తే సరి. కాస్త సర్దుకుపోతే పోలా?" అన్నాడు మేనేజరు.

"ఆ బిల్లు భాగం ఎన్నిసార్లని సర్దుకుంటుంది సార్?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తగ్గింపు ప్రొసీజర్‌కి కావలసిన ఫైలుని దాని లోపలే ప్రకటించాను. అలా చేస్తే, చదివిన రికార్డు పెట్టుకోవడానికి లోపలే దానికంటూ చోటు చూపించాలి. నేను మరిచిపోయాను. రాసినదాన్ని సరిచూసి యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోలేదు. చోటివ్వకుండా పని చెప్పొద్దన్న ఇంగితం ఆ యంత్రానికుంది. చోటిచ్చాక బిల్లులన్నీ ఎవరివి వాళ్లకి సరిగ్గా వచ్చాయి.

సాయంత్రం ఇంటికొచ్చి సూట్‌కేసులన్నీ హాల్లోకి ఈడ్చాను. చిన్నగదిలో బల్ల వేసుకున్నాను.

"ఇదేంటి కొత్తగా? ఇల్లంతా నీదేగా!" అన్నాడు మా ఆయన.

"నాదే. అందుకే ఈ గది తీసుకున్నా. ఇకనుంచి ఎవరైనా తలుపు కొట్టి రండి."

తలుపు వేసుకుని పనిలో పడ్డాను. కాసేపటికి, "అమ్మాయ్, నా కళ్ల..." అని అత్తయ్య గొంతు వినిపించి ఆగింది. తర్వాత మెల్లగా తలుపు కొట్టిన చప్పుడు.

రాస్తున్న వరుస పూర్తిచేసి, అప్పుడు "ఆఁ" అన్నాను.