ఏడో మెట్టు

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పుస్తకం రాశారు. దాని పేరు "నమ్మకమైన క్రైస్తవ జీవితానికి పన్నెండు మెట్లు". దాన్ని అచ్చువేసే భాగ్యం మా ప్రెస్సుకి దక్కింది. మాది చిన్న ప్రెస్సు. అచ్చు మిషను మా ఆయన చూసుకుంటారు, ప్రూఫులు నేను దిద్దుతాను. ఇరవై ఆరేళ్లుగా ఇతరుల తప్పులు వెతికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడమే నా పని. ఆ పని మనిషి నోటిని ఏం చేస్తుందో ఆలోచించే తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు.

రాతప్రతిలో "ప్రార్థన" అన్న మాట నూట నలభై చోట్ల ఉంది. నూట నలభై చోట్లా "థ" రాయాల్సిన దగ్గర "ధ" రాశారు. ముప్పై ఏళ్లుగా మూడుపూటలా చేస్తున్న పని పేరు కూడా ఆయనకి రాయడం రాదు. అదే చెబితే, దేవుడు అక్షరాలు చూడడమ్మా, హృదయం చూస్తాడు అన్నారు. ఆ హృదయాన్ని కూడా ఒకసారి ప్రూఫుకి పంపితే బాగుండునని నాకు అనిపించింది.

మూడో మెట్టు రహస్యంగా దానం చేయడం గురించి. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదని ఒకటిన్నర పేజీ రాశారు. ఆ ఎదుటి పేజీలో వేయమని, తాను దుప్పట్లు పంచుతున్న ఫోటో ఇచ్చారు. రెండు చేతులూ చక్కగా కనబడేలా తీయించుకున్నారు. ఏమీ అనకుండా వేశాను. కొన్ని తప్పులు దిద్దకుండా వదిలేస్తేనే ముచ్చటగా ఉంటాయి.

మా చర్చి సంఘంలో ఆయన పెద్ద. ప్రతి ఆదివారం వాక్యోపదేశానికి ముందు ప్రార్థన అంశాలు చదివేది ఆయనే. మా సంఘంలో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే చాడీలు వినక్కర్లేదు, ప్రార్థన అంశాలు వింటే చాలు. ఎవరి కూతురు అలిగి పుట్టింటికొచ్చింది, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడు, అన్నీ కళ్లు మూసుకుని భక్తిగా వినొచ్చు. తనకి ఇబ్బంది కలిగించే పని ఏదైనా వస్తే మాత్రం, "ప్రార్థనలో పెడదాం" అంటారు. ఆయన ప్రార్థనలో పెట్టిన సంగతి పాత సామాన్ల గదిలో పెట్టిన కుర్చీలాంటిది. మళ్లీ బయటికి రాదు.

ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం ఆయన చదివిన అంశం మా బైండరు గురించి. మా ప్రెస్సులో అచ్చయిన ఫారాలు మడిచి, కుట్టి, అట్ట వేసేది ఆయనే. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆయన కుట్టిన పుస్తకం చిరగాలంటే కాగితం చిరగాలి గానీ కుట్టు ఊడదు. ఆ మధ్య ఆయన చేతులు వణకడం మొదలైంది, మాట కూడా కాస్త ముద్దగా వస్తోంది. బావగారు మైకు ముందు నిలబడి ఇలా అన్నారు: "బైండింగు పని చేసే మన సహోదరుడి కోసం ప్రార్థిద్దాం. పాపం, సూదికి దారం ఎక్కడం లేదు గానీ, ఆయనకి మాత్రం పొద్దున్నే ఎక్కేస్తోంది."

వెనక బెంచీల వాళ్లు నోటికి చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. బైండరు నాలుగో వరసలో భార్య పక్కన కూర్చునే ఉన్నారు. ఆ వాక్యం అంత బాగా కుదిరిందంటే అది బావగారిది కాదని మీరు ఈపాటికి గ్రహించి ఉండాలి. ఎవరిదో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెప్పబుద్ధి కావడం లేదు.

ఆ రోజే ప్రభువు బల్ల. రొట్టె ముక్కలు, ద్రాక్షారసం గ్లాసులు ఉన్న పళ్లెం పట్టుకుని బావగారు వరస వెంబడి వచ్చారు. బైండరు చేయి చాచారు. బావగారు పళ్లెం కొంచెం వెనక్కి తీసుకుని, "ముందు సరిచేసుకో తమ్ముడూ" అని మెల్లగా చెప్పి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. చాచిన చేతిని బైండరు రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. ఆ తర్వాతి వారం నుంచి ఆయన ఆరాధనకి రావడం మానేశారు. ప్రెస్సుకి మాత్రం ఒక్క రోజు మానలేదు.

మూడు వారాలయ్యాక ఆయన భార్య ప్రెస్సుకి వచ్చి, నా బల్ల మీద డాక్టరు రాసిచ్చిన కాగితం పెట్టింది. నరాల జబ్బు. వణుకూ, మాట తడబాటూ దానివల్లే. మందులు వాడినా ఇంకో ఏడాదికి గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమవుతుందని చెప్పారట. ఆవిడ ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"మీ అన్నయ్య పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదమ్మా. ఆయన అడిగేది ఒక్కటే. మీ బావగారిని, ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి, కాదని ఒక్క మాట చెప్పమనండి. చేతులు పనిచేస్తుండగానే ఆ బల్ల దగ్గరికి తలెత్తుకుని వెళ్లాలని ఆయన ఆశ."

కాగితం బావగారి దగ్గరికి తీసుకెళ్లాను. రెండు వైపులా చదివారు. కళ్లు మూసుకుని పెదాలు కదిపారు. నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే పెట్టారు. "ప్రార్థనలో పెడదాం" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన్ని అసహ్యించుకోవడం నాకు దినచర్య అయిపోయింది. పొద్దున్న కాఫీతో మొదలుపెట్టేదాన్ని. చెప్పకూడదు గానీ, అందులో ఒక సుఖం ఉంది. తప్పు చేసిన మనిషి ఎదురుగా అంత స్పష్టంగా కనబడుతుంటే ఇంకెవరినీ వెతకక్కర్లేదు కదా.

అలాంటి సమయంలో ఈ పుస్తకం వచ్చింది. ఏడో మెట్టు పేరు "సమాధానపడుట", అంటే తెగిన చోట మళ్లీ కలవడం. బలిపీఠం ముందు కానుక వదిలిపెట్టి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడాలన్న ప్రభువు మాట మీద తొమ్మిది పేజీలు రాశారు. ప్రతి మెట్టు చివరా "ఆచరణ" అని ఒక ఖాళీ గీత ఉంటుంది, చదివినవాళ్లు నింపుకోవాలి. ఏడో మెట్టు కింద ఇలా ఉంది: "ఈ వారం నేను వెళ్లి క్షమించవలసిన వ్యక్తి: ..........". క్షమించవలసిన. నేను ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ప్రూఫు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"బావగారూ, ఇక్కడ మాట తిరగబడింది. ఎవరికైనా తన మీద కోపం ఉందని గుర్తొస్తే వెళ్లమన్నారు ప్రభువు. అంటే వెళ్లాల్సింది తప్పు చేసినవాడు. మీరేమో క్షమించడానికి పంపుతున్నారు. క్షమాపణ అడగవలసిన వ్యక్తి, అని ఉండాలి."

"రెండూ ఒకటేనమ్మా. వెళ్లడం ముఖ్యం."

"మరి మీరు వెళ్లారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. చివరికి, రేపు సాయంత్రం వెళ్దాం, నువ్వు కూడా రా అన్నారు. ఆయన్ని మూలకి నెట్టగలిగానని ఇంటికొచ్చేదాకా నా మొహం వెలిగిపోతూనే ఉంది.

బైండరు వాళ్లవి టైర్ల దుకాణం పైన రెండు గదులు. మెట్ల మీదే రబ్బరు వాసన. మేం వెళ్లేసరికి ఆయన భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన రెండు కుర్చీలు తుడిచి వేసి, వద్దంటున్నా వినకుండా తనే టీ తెచ్చారు. సాసరులో గ్లాసు గలగలలాడింది, సగం టీ ఒలికింది. బావగారు ఆ ఒలికిన టీ వైపు, తర్వాత నా వైపు చూశారు. చూశావా అన్నట్టు. ఒళ్లో ఉన్న చేతిసంచిలో డాక్టరు కాగితం నాకు బరువుగా తగిలింది.

తర్వాత బావగారు లేచి, బైండరు భుజం మీద చేయి వేసి, కళ్లు చెమ్మగిల్లగా అన్నారు. "తమ్ముడూ, నేను నిన్ను క్షమించాను."

బైండరు అర్థంకానట్టు ఆయన వైపు చూశారు.

"దేనికన్నగారూ?"

"అన్నిటికీ" అన్నారు బావగారు.

ఆ వెంటనే ప్రార్థన మొదలుపెట్టారు. పదకొండు నిమిషాలు. నేను కళ్లు మూసుకోలేదు కాబట్టి గోడ గడియారం కనబడుతూనే ఉంది. బైండరు తల వంచుకుని చివరిదాకా విని ఆమేన్ అన్నారు. ఆయన భార్య మాత్రం మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెడుతూ కూర్చుంది. కిందికి దిగుతూ బావగారు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, పెద్ద భారం దిగిపోయిందమ్మా అన్నారు. నిజమే. ఆయన భారం ఆ గదిలో దించి వచ్చారు.

ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పారు. దారి తప్పిన ఒక సహోదరుడి గడపకి తానే వెళ్లాననీ, ఏడో మెట్టు కన్నీళ్లతో ఎక్కాననీ, పుస్తకం వచ్చే నెల వస్తుందనీ. అందరూ స్తోత్రం అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

ఆ పొద్దున్న వంట చేస్తూ మూడు వాక్యాలు తయారుచేసుకుని వచ్చాను. ఒకదాన్ని మించి ఒకటి పదునైనవి. ఆ మూడూ విన్నాక బావగారు మళ్లీ మైకు పట్టుకోలేరు. ముందు డాక్టరు కాగితం విప్పి, బైండరుది తాగుడు కాదు, నరాల జబ్బని చదివాను. తర్వాత మొదటి వాక్యం మొదలుపెట్టాను. "మా బావగారు ఎక్కిన మెట్లలో..." అన్నానో లేదో, వెనక బెంచీల మొహాలు విప్పారాయి. చేతిరుమాళ్లు బయటికొచ్చాయి.

ఆ మొహాలు నాకు తెలుసు. ఎనిమిది నెలల కిందట బావగారి ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చూశాను. ఎవరో మీ బైండరు చేతులు వణుకుతున్నాయేమిటని అడిగారు. నేను అన్నం కలుపుతూ తల ఎత్తకుండా ఒక మాట అన్నాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. బావగారైతే పొలమారి మంచినీళ్లు తాగారు. బైండరు తాగుతారని నేను నమ్మానా? లేదు. ఎప్పుడైనా చూశానా? లేదు. ఎక్కడం అన్న మాట రెండు వైపులా కుదిరింది, అందుకని అన్నాను. అంతే. ఈ ఎనిమిది నెలలూ రోజూ ఆయన ఎదురుగా కూర్చుని పని చేశాను. కాగితం తెచ్చిన ఆవిడకి మంచినీళ్లిచ్చాను. బావగారిని తిట్టుకున్నాను. ఆ మాట ఎక్కడిదన్నది మాత్రం తలుచుకోలేదు.

మిగిలిన రెండు వాక్యాలూ మింగేశాను.

"సూదికి దారం అన్న మాట బావగారిది కాదు. నాది. బైండరుగారు తాగడం నేనెప్పుడూ చూడలేదు. మాట బాగా కుదిరిందని అన్నాను" అని చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. చేతిరుమాళ్లు జేబుల్లోకి వెళ్లాయి. బావగారు తేరుకుని మైకు దగ్గరికి వచ్చి, మన సహోదరి ఎంతో వేదనలో ఉన్నారు, ఆమె కోసం ప్రార్థిద్దాం అన్నారు. అలా నేను కూడా ప్రార్థన అంశాన్నయ్యాను. కానీ పాస్టరుగారు లేచి, ప్రార్థన తర్వాత చేద్దాం, ముందు ఆ కాగితం ఇలా ఇవ్వండి అన్నారు. ఆయన మళ్లీ మొదటినుంచి చదివి, ఆ సహోదరుణ్ణి బల్లకి దూరం చేయడం సంఘం చేసిన తప్పని, అక్కడే, ఆ మైకులోనే చెప్పారు. బావగారు అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నారు.

ఏడో మెట్టులో ఆ మాట నేను మార్చేశాను. "క్షమాపణ అడగవలసిన వ్యక్తి" అనే అచ్చయింది. బావగారు ఇప్పటికీ గమనించలేదు. తన పుస్తకం తాను చదివే అలవాటు ఆయనకు లేదు.

సంఘంలో లేచి చెప్పిన మర్నాడు, సోమవారం, ప్రెస్సులో బైండరు కిటికీ పక్కన కూర్చుని ఫారాలు కుడుతున్నారు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. సంఘంలో ఏం జరిగిందో ఆయనకి అప్పటికే ఎవరో చెప్పారట. అయినా నేనే చెప్పాలి కాబట్టి, బావగారింట్లో భోజనాల బల్ల దగ్గర నేనన్న మాటతో సహా మొత్తం చెప్పాను. క్షమించు అన్నయ్యా అని అడిగాను. ఎర్ర పెన్ను పట్టుకుని ఎన్ని వేల సార్లు దిద్దానో ఆ మాట, నోటితో అనడం అదే మొదటిసారి.

ఆయన ఫారం పక్కన పెట్టారు.

"అది నీ మాటేనని ఆ రోజే తెలుసు చెల్లెమ్మా. అంత బాగా చెప్పడం మీ బావగారికి రాదు."

ఆయన గొంతులో వెటకారం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను. ఇన్నేళ్లూ నా మాటల్ని శ్రద్ధగా విన్నది, మెచ్చుకున్నది ఆయనొక్కరే. ఆ చురకని నేను తన మీదే ప్రయోగించినప్పుడు కూడా, అది నాదేనని గుర్తుపట్టి, ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పకుండా నా ఎదురుగా కూర్చుని కుట్టుకుంటూ పోయారు.

వచ్చే ఆదివారం వస్తారా అని అడిగాను. వస్తాను, గ్లాసు మాత్రం నువ్వు పట్టుకోవాలి, నేను ఒలకబోస్తాను అన్నారు. తర్వాత సూదీ దారమూ నా వైపు చాచారు.

"కాస్త ఇది ఎక్కించి పెట్టు. పొద్దున్నుంచీ కుదరట్లేదు."

తీసుకున్నాను. సూది బెజ్జం కనబడుతూనే ఉంది. మూడుసార్లు ప్రయత్నించినా దారం పక్కకే పోయింది. ఆయన తొందరపెట్టలేదు.