కిటికీ వైపు చెంప

చాంద్‌బాషాకు రెండు వయసులున్నాయి. ఎడమ చెంప చూసినవాళ్ళు నలభై దాటలేదంటారు. కుడి చెంప చూసినవాళ్ళు పెద్దాయన కదా అని లేచి కుర్చీ ఇస్తారు. తిరువూరు నుంచి గంపలగూడెం, పెనుగొలను కొట్లకు సరుకుల వ్యాను నడపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. డ్రైవరు సీటు పక్క కిటికీలోంచి పడే ఎండంతా ఆ కుడి చెంపే భరించింది. భార్య పోయాక అద్దం ముందు నిలబడే అలవాటు కూడా పోయింది కాబట్టి, ఆ సంగతి అతనికి పెద్దగా పట్టలేదు. పట్టేలా చేసింది అక్క గౌసియాబీ తెచ్చిన సంబంధం.

ఆమె పేరు షహనా. పెనుగొలనులో ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మొదటి భర్త వయసు దగ్గర్నుంచి ఉద్యోగం దాకా అన్నీ అబద్ధాలే చెప్పి చేసుకున్నాడు. విడిపోయి చాలా కాలమైంది. “ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషైతే చాలు” అన్నదొక్కటే ఆమె షరతు. ఆ మాట చెవులారా విని కూడా మన చాంద్‌బాషా ఏం చేశాడు? ఎడమ చెంప మాత్రమే పడేలా మెడ తిప్పి ఫోటో దిగి అక్క చేతిలో పెట్టాడు.

ఇక అప్పట్నుంచి మనిషికి నిలకడ లేదు. రెండు వారాల్లో చూపులు. వ్యాను అద్దంలో చెంప చూసుకోవడం, నిట్టూర్చడం, మళ్ళీ చూసుకోవడం. చివరికి తిరువూరు వచ్చే చర్మం డాక్టరమ్మ జ్ఞానమణి దగ్గరికి వెళ్ళాడు.

“గాజు ఎత్తే నడుపుతానండి మేడం, ఎండెక్కడ తగులుతుంది?” అని వాదించాడు.

“గాజు చర్మాన్ని కాల్చే కిరణాల్నే ఎక్కువగా ఆపుతుంది బాషా గారూ. ముడతలు తెచ్చే కిరణాలు దాన్ని దాటుకుని వచ్చేస్తాయి. చర్మం కింద దాన్ని బిగువుగా పట్టి ఉంచే పీచు ఉంటుంది, కొలాజెన్ అంటాం. మీకు ఆ వైపు అది దెబ్బతింది. ఈ క్రీము కొత్త పీచు పుట్టేలా చేస్తుంది గానీ, నెలలు పడుతుంది. కడిగి ఆరబెట్టిన ముఖానికి శనగగింజంత, రాత్రిపూట మాత్రమే. పగలు సన్‌స్క్రీన్ మానొద్దు” అందామె.

నెలలు అన్న మాట దగ్గరే అతని గుండె జారిపోయింది. ఆ తర్వాత చెప్పిన వాటిల్లో ‘కడిగిన ముఖం’ ఒక్కటే బుర్రలో మిగిలింది. నమాజుకు ముందు చేసే వజూలో ముఖం కడగనిదే కుదరదు కదా! డాక్టరమ్మ లెక్కలో రాత్రి ఒక్కసారే శుభ్రంగా ఉండే ముఖం, తన లెక్కలో ఐదు పూటలా శుభ్రంగానే ఉంటుంది. అలాంటప్పుడు ఐదు పూటలా రాస్తే పని ఐదింతలు తొందరగా అవుతుందని లెక్క వేసుకున్నాడు. ఈ తెలివి ఇంకే విషయంలోనైనా చూపిస్తే ఈపాటికి సొంత లారీ కొనేవాడు. పొద్దున రాసుకున్న సన్‌స్క్రీన్ మధ్యాహ్నం వజూ నీళ్ళకే కొట్టుకుపోయేది. దాని చోట మళ్ళీ ఆ క్రీమే, దాని మీద మిట్టమధ్యాహ్నపు ఎండ.

గాజు మీద కూడా నమ్మకం పోయింది కాబట్టి కిటికీకి ఒక తువ్వాలు ఇరికించాడు. పెనుగొలనులో షహనా ఏ గుమ్మంలోంచి చూస్తుందోనన్న భయానికీ అది పనికొచ్చింది. ఇదివరకు ఊళ్ళోకి రాగానే గాజు దించి, కిటికీ మీద మోచెయ్యి ఆనించి అందర్నీ పలకరించేవాడు, ఇప్పుడు తువ్వాలు చాటున నక్కి కూర్చుంటున్నాడు.

మొదట చెంప చిమచిమలాడింది. పనిచేస్తోందని సంబరపడి ఇంకాస్త పట్టించాడు. తర్వాత ఎర్రబడింది, ఆపైన పొరలు పొరలుగా ఊడింది. చూపుల నాటికి చెమట తగిలితే ప్రాణం పోతున్నంత మంట. క్రీము పారేశాడు గానీ, చెంపను ఎక్కడ పారేస్తాడు?

“పంటి నొప్పని చెప్పరా. చెంప మీంచి రుమాలు తీయకు” అని గౌసియాబీ తన ఇంట్లో గోడ వారగా కుర్చీ వేసింది. అతను ఆ కుర్చీలో నిమిషం కూర్చుంటే ఒట్టు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతుండగా షహనా తన అన్న జమీల్‌తో లోపలికి వచ్చింది.

సలాములయ్యాయి. టీ కప్పు అందుకుంటూ ఆమె అడిగింది. “పన్ను నొప్పా అండీ?”

అవునంటే అయిపోయేది. గౌసియాబీ కళ్ళతోనే అనమంటోంది. కానీ ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట అతన్ని అవుననివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే రుమాలు తీసేశాడు.

“కాదండీ. ఫోటోలో ఈ వైపు దాచానండి. ఎండకు ముసలిదైపోయింది. బాగుచేద్దామని క్రీము ఐదు పూటలా రాసి ఇలా చేసుకున్నా. ఇక మీ ఇష్టం.”

గౌసియాబీ తల పట్టుకుంది. షహనా మాత్రం కప్పు కింద పెట్టి ఆ చెంప వంకే చూసింది. చూస్తుండగానే ఆమెకు కోపం వచ్చింది.

“ఏం పని చేశారండీ! నాకు తెలిసింది ఆ వైపే.”

చాంద్‌బాషాకు అర్థం కాలేదు.

“మా కిటికీ ఎదురుగానే కదా మీరు వ్యాను ఆపేది, హనుమయ్య గారి కొట్టు దగ్గర. ఎన్నేళ్ళ నుంచి మిషను మీద కూర్చుని చూస్తున్నాను! ఆయన బస్తా ఎత్తలేకపోతే ఏనాడూ విసుక్కోకుండా మీరే దిగి మోస్తారు. ఫోటో చూసి ఎవరో తెలీక వద్దనేశాను. సరుకుల వ్యాను చాంద్‌బాషా అని మీ అక్క చెబితేనే సరేనన్నాను.”

చాంద్‌బాషాకు ఇన్నాళ్ళ కంగారంతా ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చింది. కన్నీళ్ళు చెంప మీదికి జారితే మంట పుడుతుందని గబగబా రెప్పలార్పాడు.

“డాక్టరమ్మకు చూపించుకుంటానండి, మానిపోతుంది” అన్నాడు చివరికి. “ముడతలు పోతాయో ఉంటాయో చెప్పలేను.”

“అవి ఉంటే ఉంటాయి, పోతే పోతాయి” అంది షహనా. “వ్యాను కిటికీకి పెట్టిన ఆ తువ్వాలు మాత్రం తీసేయండి. అది పెట్టినప్పట్నుంచి మీరు కనపడటం లేదు.”