రోడ్డుకు అడ్డంగా ఇల్లు

ఓర్ఫెలీనా పెద్దమ్మ బుట్టను అబ్దోన్ తలకిందులు చేశాడు. పొద్దుటి నుంచి ఆమె ఏరిన ఆల్చిప్పలన్నీ తడి ఇసుక మీద గలగలా దొర్లాయి. సముద్రం పాటు మీద ఉంది, నీళ్లు వెనక్కి పోయాయి. ముప్పైమందిమి బుట్టలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

"కంపెనీ గేటు లోపల ఏరితే దొంగతనం కింద లెక్క," అన్నాడు అబ్దోన్. వాడు సాల్మన్ చేపల కంపెనీకి కాపలావాడు. మా ఊరివాడే. చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

"నీకు పురుడు పోసిన చేతులురా ఇవి," అంది పెద్దమ్మ. "సముద్రానికి గేటేంట్రా?"

"నన్నడిగితే నేనేం చెప్పను పెద్దమ్మా? ఆఫీసులో అడుక్కో."

ఆఫీసులో అడగలేదా? ఏడాదిలో ఏడుసార్లు వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ కొత్త గుమాస్తా, పాత జవాబు. పైనుంచి కాగితం రావాలి. మా చిలోయే దీవిలో వాన తెరిపివ్వదు. తడుస్తూ వెళ్లాం, తడుస్తూ తిరిగొచ్చాం. ఈలోగా కంపెనీ అఖాతం నిండా చేపల బోనులు దించింది, ఒడ్డుకు కంచె వేసింది. ఆ ఒడ్డే మాకు పొలం. నాచు, ఆల్చిప్పలు అక్కడివే. అది పోతే మా కిల్మాన్ ఊరివాళ్లకు దీవి విడిచి పోవడం తప్ప దారి లేదు.

మధ్యాహ్నం బడి షెడ్డులో మీటింగు పెట్టాం. ఎడ్లు తోలే బల్దొమేరో ముందు లేచాడు.

"ఎనిమిదో అర్జీ రాద్దాం."

"రాయి మామా. తడవకుండా పళ్ల మధ్య పట్టుకుని పో," అంది నాచు ఏరే ఆడవాళ్ల పెద్ద దెల్మీరా.

"గేటు విరగ్గొడదాం," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"విరగ్గొట్టు. నువ్వు జైల్లో ఉండగా వాళ్లు ఇనుప గేటు పెడతారు."

గంటసేపు ఒకరినొకరం తిట్టుకున్నాం. అప్పుడు పెద్దమ్మ లేచింది.

"నా ఇల్లు లాక్కెళ్లి ఆ గేటు ముందు పెట్టండి. మనిషి ఉంటున్న ఇంటిని ముట్టుకోవాలంటే జడ్జి కాగితం కావాలి. దానికోసం వాళ్లనీ తిరగనీండి."

ఎవరూ నవ్వలేదు. మా దీవిలో ఇళ్లు చెక్కవి. కింద దుంగలు వేసి, మోకులు కట్టి, ఎడ్లను పూన్చి, ఊరంతా కలిసి ఇంటిని కొత్త చోటికి లాక్కుపోవడం తాతల నాటి అలవాటు. దానికో పద్ధతుంది. ఇంటివాళ్లు ప్రతి గడపకూ స్వయంగా వెళ్లి పిలవాలి. ఒక్క గడప దాటేసినా ఆ అవమానం మనవల దాకా ఉంటుంది.

పెద్దమ్మ ఒక్క గడప కూడా దాటెయ్యలేదు.

"అబ్దోన్‌ని కూడా పిలిచావా? మతుండే చేశావా?" అంది దెల్మీరా.

"వాడి ఇల్లు ఊళ్లో లేదా?"

"కంపెనీకి కబురు మోసేస్తాడు."

"మొయ్యనీ. చాటుగా లాగితే అది దొంగతనం. పిలుపు కాదు."

నాకు ఒళ్లు మండింది. వాళ్లు మాకు తెలియకుండా కాగితాలు పుట్టించి ఒడ్డు కాజేశారు. మేము శత్రువు గడపకు వెళ్లి మరీ పిలిచి వస్తున్నాం. ఇలాగైతే ఎప్పటికి గెలుస్తాం?

శనివారం పొద్దున ఎనిమిది జతల ఎడ్లు కట్టారు. నేను ఎడమవైపు మోకు పట్టాను. బల్దొమేరో అదిలించగానే ఇల్లు మూలిగి కదిలింది. పొలం దాటింది. రేవు నుంచి వచ్చే తారురోడ్డు ఎక్కింది. అది దాటి పల్లంలోకి దిగితే గేటే.

రోడ్డు నడిమధ్యకు రాగానే సైరన్లు మోగాయి. రెండు వ్యాన్ల పోలీసులు దిగారు. కంపెనీ మేనేజరు వచ్చాడు. అతని వెనక అబ్దోన్.

"ఆపండి," అన్నాడు పోలీసు కెప్టెన్. "ఉన్నది ఉన్నచోటే ఆగాలి. అంగుళం కదిలినా ఊరుకోను."

ఆపాం. కాడి విప్పించి పదహారు ఎడ్లనూ పట్నం తోలుకుపోయారు. తోలేవాళ్లందర్నీ వ్యాను ఎక్కించారు.

"కొట్టండి గానీ ఎడ్లకు నీళ్లు పెట్టండయ్యా," అన్నాడు బల్దొమేరో.

నేను రోడ్డు పక్కన కూలబడ్డాను. గేటు కళ్లముందే ఉంది.

"తృప్తిగా ఉందా పెద్దమ్మా? వాణ్నీ పిలిచావుగా," అన్నాను.

ఆమె రేవు వైపు చూస్తోంది. చేపల లారీ ఒకటి వచ్చి ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. దాని వెనక ఇంకోటి. ఒకవైపు కొండరాయి, ఒకవైపు ఊబి. కంపెనీకి ఉన్నది ఆ రోడ్డొక్కటే. మధ్యాహ్నానికి పద్నాలుగు లారీలు నిలిచిపోయాయి.

"తీసెయ్యండి దీన్ని," అన్నాడు మేనేజరు.

"ఎడ్లేవీ?" అంది దెల్మీరా.

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "అవి కేసులో ఉన్నాయి. వదలాలంటే పైనుంచి కాగితం రావాలి."

ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఊరంతా కడుపుబ్బా నవ్వింది. "రానీండి కెప్టెన్ గారూ, మాకు అలవాటే."

"బుల్డోజరుతో తోయించండి," అని మేనేజరు అరిచాడు.

కెప్టెన్ పొగగొట్టం వైపు చూపించాడు. పొగ లేస్తోంది. ఇల్లు లాగడానికి వచ్చినవాళ్లకు తిండి పెట్టాలి కాబట్టి పెద్దమ్మ లోపల బంగాళాదుంపల రొట్టెలు కాలుస్తోంది. "లోపల మనిషి ఉంది. ఆర్డరు లేకుండా నేను ముట్టుకోను."

మేనేజరు అబ్దోన్ మీద పడ్డాడు. "నువ్వు ఈ ఊరివాడివేగా. పోయి నలుగుర్ని పిలుచుకురా. వెనక్కి లాగించు."

"ఇల్లు లాగడానికి నన్నూ పిలిచారు సార్. వెళ్లలేదు," అన్నాడు అబ్దోన్. "ఇప్పుడు నేను పిలిస్తే ఎవరొస్తారు?"

కంపెనీ కోటు విప్పి లారీ బానెట్ మీద పెట్టి, మా వైపు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ పలకరించలేదు. పొమ్మనీ అనలేదు.

రెండు రాత్రులు గడిచాయి. లారీల్లోంచి నీచు కంపు ఊరంతా పాకింది. మూడోరోజు కాగితం వచ్చింది. ఏడు అర్జీలకు కదలని కలం కంపెనీకి రెండు రోజుల్లో కదిలింది. ఓర్ఫెలీనా నవెల్‌కేన్‌ను సదరు ఇంటినుంచి ఖాళీ చేయించవలెను అని రాసి ఉంది.

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషిని ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టి దించారు.

"రొట్టె మాడుతోంది. తిప్పండే ఎవరైనా," అంది పెద్దమ్మ వ్యాను మెట్టు ఎక్కుతూ.

తలుపు మూశారు. కెప్టెన్ కాగితం మడిచి ఇంటివైపు తిరిగాడు. లోపల దెల్మీరా రొట్టె తిప్పుతోంది.

"నువ్వెవరు? కాగితంలో నీ పేరు లేదు. బయటికి రా."

"లేదు కదా. నా పేరుతో ఇంకోటి తెచ్చుకోండి."

"నిన్నూ తీసుకెళ్తాను."

"తీసుకెళ్లండి. తర్వాతావిడ చేతులు కడుక్కుంటోంది."

కెప్టెన్ అప్పుడు చూశాడు. గుమ్మం నుంచి వానలో వరసగా నిలబడి ఉన్నాం. నాది తొమ్మిదో చోటు. ఎవరూ నినాదాలు ఇవ్వడం లేదు. అతను వేలు చూపిస్తూ లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఇరవై, నలభై, అరవై. రోడ్డు మలుపు దగ్గర అతని వేలు గాలిలోనే ఆగిపోయింది. వరస మలుపు అవతలికి పోయింది.