హఫీజా సీటు

“నీ పరీక్ష సీటు క్యాన్సిల్ అయింది, లవ్. కంగ్రాచులేషన్స్!” అంది కాలేజీ కౌంటర్లో తెల్లావిడ, అందరినీ పిలిచినట్టే.

హఫీజా బిత్తరపోయింది. కాసేపట్లో అమెరికా చరిత్ర పరీక్ష. అది గట్టెక్కితేనే యూనివర్సిటీలో అడుగు పెట్టేది. సీటు పోతే కంగ్రాచులేషన్స్ ఏమిటి?

“నెల తప్పావటగా! డాక్టర్ రెస్ట్ తీసుకోమన్నారని నిన్న ఫోనొచ్చింది. మగ గొంతు. ఎంత మర్యాదగా మాట్లాడాడో!”

పెళ్లయి ఆరేళ్లు. ఆ కబురు కోసమే అత్తగారు గుంటూరు నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. లేని బిడ్డని కడుపులో పెట్టిన మర్యాదస్తుడెవరో హఫీజాకి తెలియకేం! ఈ పరాయి దేశం వచ్చినప్పటి నుంచీ బ్యాంకుకైనా, డాక్టరుకైనా ఆమె తరఫున మాట్లాడే గొంతు ఒక్కటే. “నీ ఇంగ్లీషు వాళ్లకి ఎక్కదు, ఇటివ్వు” అని రిసీవర్ లాక్కునే గొంతు. రెండువేల సంవత్సరం వచ్చేలోపు కంప్యూటర్లు సరిచేసే వైటూకే పనంటూ ఆఫీసులోనే కాపురం పెట్టి, ఇంటికొచ్చిన కాసేపూ “రూజ్‌వెల్ట్ వచ్చి కూర వండుతాడా?” అని వెటకారాలాడే గొంతు. వెస్ట్‌మీడ్ అనే పేటలోని ఫ్లాట్లో పగలంతా ఆమెకి తోడు ఆ చరిత్ర పుస్తకమే. యుద్ధకాలంలో విమానాలు తయారుచేసిన ఆడవాళ్లని, యుద్ధం అయిపోగానే వంటింటికి పొమ్మన్నారని చదువుతుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఆ సంగతి చెప్పుకుందామంటే వినే మనిషి లేడు.

“గుడ్ న్యూసా? చెప్పనే లేదే!” క్యూలో వెనక నుంచి శ్రీదేవి గారు. ఆవిడ భర్తదీ హఫీజా మొగుడి ఆఫీసే. హఫీజా మొహం చూడగానే ఆవిడకి విషయం అర్థమైపోయింది. గొంతు తగ్గించింది. “ఏదో పొరపాటని చెప్పి ఇంటికి పోమ్మా. మగాళ్ల సంగతి తెలిసిందేగా. పరువైనా దక్కుతుంది.”

“ఆ ఫోన్ అబద్ధమైతే ఇప్పుడే చెప్పు, సీటిచ్చేస్తా. కానీ ఎవరు చేశారో ఫారంలో రాయాలి, చెప్పు,” అంది కౌంటర్ ఆవిడ.

అవతల హాలు తలుపు మూస్తున్నారు. ఇక్కడ నోరు విప్పితే సాయంత్రానికల్లా ఆ మాట తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ పాకుతుంది. విప్పకపోతే రేపు మళ్లీ ఆ ఫ్లాటు, ఆ కుక్కరు.

“నేను కడుపుతో లేను. ఫోన్ చేసింది మా ఆయన.”

“పేరు?”

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్తగారి నమ్మకం. హఫీజా ఆరేళ్లలో ఒక్కసారీ పలకలేదు.

శ్రీదేవి గారికి కూడా వినపడేలా, గట్టిగా అంది.

“సాబిర్.”