నాలుగో చరణానికి చోటు లేదు

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్ళే మాక్సీ టాక్సీ అనే చిన్న బస్సులో మోగుతున్నది తన పాటేనని గుర్తుపట్టి ఇస్మే మురిసిపోయింది. లేడీ పెప్పర్ అన్న పేరుతో కాలిప్సోలనే ఎత్తిపొడుపు పాటలు కట్టి పాడి, ఒకప్పుడు ట్రినిడాడ్ అంతటినీ ఊపేసి, ఆ తర్వాత ఎవరికీ పట్టకుండా పోయిన మనిషి ఆమె. ఈ మధ్యే ఆమె పాత పాటల్లో మేటివి ఏరి ఒక సీడీ వేశారు. ముందు సీట్లో స్కూలు పిల్లలు "రండి రండి, లాంచిలో ఇంకా చోటుంది" అని పల్లవి అందుకుంటే ఆమెకు ఒళ్ళు పులకరించింది. మూడో చరణం అయింది. పల్లవి మెల్లమెల్లగా సన్నబడింది. ఇంకో పాట మొదలైంది.

"ఒరేయ్, నాలుగోది ఏదిరా?" అని డ్రైవరు మీద అరిచింది.

"పాట అంతేనమ్మా. అయిపోయింది."

"నాకు చెప్పడానికి నువ్వెవడివిరా? రాసింది నేను!"

డ్రైవరు అద్దంలోంచి చూసి, పాపం ముసలావిడకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

కాలిప్సోలో ముందు చరణాలు నవ్విస్తాయి, ఆఖరిది వాత పెడుతుంది. ఈ పాటలో మొదట ఆదివారం షికారుకు పెలావు గిన్నెలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, తర్వాత పక్కింటావిడతో చిందులేసే పాస్టరు, మూడోదాంట్లో లాంచి ఒరుగుతున్నా జనాన్ని పిలిచి మరీ ఎక్కించుకునే యజమాని. నాలుగోదాంట్లో లాంచి మునుగుతుంది, ఆ రోజు నిజంగా పోయినవాళ్ళ పేర్లు వస్తాయి. అందులో ఇస్మే చెల్లెలు వెర్నా ఉంది. ఆ యజమానిని కోర్టు వదిలేసింది. పాట వదల్లేదు.

సీడీ వేసిన గార్విన్ ఆఫీసు తలుపును ఆమె తట్టలేదు, తోసింది.

"రా టాంటీ, కూర్చో," అన్నాడు గార్విన్. అక్కడ పెద్దావిడ ఎవరైనా టాంటీయే. సంగతి విని చేతులు చాపాడు. "పద్దెనిమిది పాటలు ఒక్క సీడీలో పట్టాలి. ఎక్కడో ఒకచోట కొయ్యాలి కదా."

"కోస్తే గోళ్ళు కొయ్యాలి గానీ పీక కోస్తావట్రా?"

"తిట్టు, పడతాను. కానీ నీ పాత రికార్డులు ఏమయ్యాయి? అటకల మీద బూజు పట్టాయి. ఈ సీడీ రాకపోతే నీ పేరు ఈ పిల్లలకు తెలిసేదా? కార్నివాల్‌కు మళ్ళీ టెంట్‌లో పాడమని నిన్ను పిలిచేవాళ్ళా? నీ పాటల్ని బతికించాను టాంటీ."

అది అబద్ధం కాదు. కాదు కాబట్టే ఇస్మేకు ఇంకా మండింది.

"ఆ లాంచి వాడికి ఎంతమందిని కుక్కినా చోటు దొరికింది. మునిగినవాళ్ళకు మాత్రం నీ దగ్గర చోటు లేకపోయింది. వాడికీ నీకూ తేడా ఏంట్రా?"

గార్విన్ మొహం మాడింది. "చావు చరణం ఉంటే మాక్సీల్లో ఎవరు వేస్తారు టాంటీ?" అని గొణిగాడు.

అదీ అసలు సంగతి. చోటు లేదన్నది వట్టి వంక.

కార్నివాల్‌కు కాలిప్సోలు పాడే చోటుకు టెంట్ అని పేరే గానీ అది సిమెంటు హాలు. శనివారం ఇసక వేస్తే రాలనంత జనం. ఇస్మే లాంచి పాట ఎత్తుకుందో లేదో హాలంతా గొంతు కలిపింది. అంత మందికీ ప్రతి మాటా నోటికి వచ్చు. ఎన్నాళ్ళకో ఇంత ప్రేమ చూసి ఆమె కోపం కాస్త తగ్గింది కూడా.

మూడో చరణం తర్వాత పల్లవి దగ్గర జనం తమంతట తామే గొంతు తగ్గించారు. ఇంకా తగ్గించారు. సీడీ విని నేర్చుకున్న బాండువాళ్ళు కూడా అలాగే సన్నగా వాయించి ఆపేశారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఇస్మేకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపండి! ఎవడు చెప్పాడు అయిపోయిందని?"

లేడీ పెప్పర్ వేళాకోళమని జనం పగలబడి నవ్వారు. ఆమె బాండు లేకుండానే నాలుగో చరణం ఎత్తుకుంది. రెండో పేరు దగ్గర నవ్వులు ఆగాయి. వెనకనుంచి ఎవడో కేకేశాడు.

"పండగ పూట ఈ చావు కబుర్లేంటి ముసలమ్మా? లాంచి పాట పాడు!"

"ఇదేరా లాంచి పాట! ఇన్నాళ్ళూ నువ్వు ఎగిరింది శవాల మీద!"

తెర పక్కనుంచి గార్విన్ దిగిపొమ్మని సైగ చేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. ఆ చరణాన్ని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది. ఒక్కో పేరూ నిలిపి పాడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ గొంతు కలపలేదు. కలపడానికి వాళ్ళకు ఆ మాటలు రావు. ఆఖరి పేరు వెర్నాది. అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు జీరపోయింది. కోపం మాత్రం పోలేదు.