ముప్పై మూడు వేల ఉత్తరాలు

వ్యాపారం మొదలుపెట్టిననాడు నా చేతిలో ఉన్నవి ఒక గది, గోడ పొడవునా జిప్పుల అరలు, కాళ్లరిగేలా తిరిగే ఓపిక. ఇరవై ఏళ్లకు నలభై మంది ఖాతాదారులయ్యారు. నా సరుకులో సగం ఒక్క బట్టల ఫ్యాక్టరీకే పోయేది. వాళ్లు ఏడాదికోసారి ధరలు అడుగుతారు. తమ దగ్గర నమోదైన మెయిలు నుంచి, గడువులోగా పంపితేనే తీసుకుంటారు.

బేరాలు లేని ఒక నెలలో మా బావమరిది పదకొండు వేల మెయిలు అడ్రసులు తెచ్చాడు. "నువ్వు తిరిగితే రోజుకు పది కొట్లు బావా. ఇది ఒక్క నొక్కు," అన్నాడు.

నొక్కాను. ఎవరూ పలకలేదు. పలకని కొట్టుకు మూడుసార్లు వెళ్లడం నా అలవాటు. అందుకని అందరికీ మూడుసార్లు పంపాను.

ఆ వారమే ఫ్యాక్టరీ ధరలడిగింది. పంపిన నిమిషానికే నా ఉత్తరం తిరిగొచ్చింది. వేలకు వేలు ఉత్తరాలు పంపానని, ఫ్యాక్టరీకి మెయిలు నడిపే కంపెనీయే నన్ను ఆపేసింది. గడువు నాలుగు రోజులు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే యంత్రం మాట్లాడింది. విన్నపం పెడితే, పది రోజుల్లో చూస్తామని జవాబొచ్చింది.

లాయరు దగ్గరికి పరిగెత్తాను.

"యంత్రాలు వాళ్లవి, ఖర్చు వాళ్లది. అడగని వ్యాపార ఉత్తరాల్ని ఆపే హక్కు చట్టమే ఇచ్చింది," అన్నాడాయన.

"ఫ్యాక్టరీ వాళ్లు అడిగారు కదండీ."

"అన్ని వేలల్లో ఈ ఒక్కటి ఫ్యాక్టరీ అడిగినదని ఆ కంపెనీకేం తెలుసు? మంచికనుకుని ఆపితే, పొరపాటైనా తప్పు పట్టలేం."

ఆఖరి రోజు ధరల కాగితం పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. కొనుగోళ్లు చూసే అమ్మాయి మంచినీళ్లిచ్చింది. బావమరిది మెయిలు నుంచి పంపనా అనడిగితే, నమోదు మార్చడానికి వారం పడుతుందంది. కాగితం చదివి మడిచి నా చేతికే ఇచ్చింది.

"మీ ధరే తక్కువ బాబాయ్. కానీ ఇది తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది."

ఐదింటిదాకా ఆమె బల్ల ముందే కూర్చున్నాను. ఐదింటికి కంప్యూటరులో గడువు దానంతటదే ముగిసింది. ఆర్డరు వేరేవాళ్లకు పోయింది.

పదో రోజున మెయిలు కంపెనీ నా ఉత్తరాల్ని మళ్లీ పోనిచ్చింది. అప్పుడు కూర్చుని లెక్క చూసుకున్నాను. పంపినవి ముప్పై మూడు వేలు. జవాబులు ఆరు. నలుగురు మళ్లీ రాయొద్దన్నారు, ఒకరు తిట్టారు. ఆరో ఆవిడ చేతిసంచికి మూడు నీలం జిప్పులు కావాలంది. పంపాను.